హుమాయూన్ ఖాన్ సమాధి అడుగుతున్న ప్రశ్న

2016 జులై 28న ఫిలడెల్ఫియాలో జరిగిన డెమోక్రటిక్ పార్టీ జాతీయ సదస్సు వేదికపైకి ఒక నడివయస్సు దాటిన న్యాయవాది ఎక్కాడు. పక్కన ఆయన భార్య తలపై ముసుగుతో మౌనంగా నిలబడింది. ఆయన పేరు ఖిజర్ ఖాన్, ఆమె పేరు గజాలా. ఇద్దరూ పాకిస్తాన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ముస్లింలు. ఆయన మాట్లాడింది కాస్త అటూ ఇటుగా ఆరు నిమిషాలు. చివర్లో కోటు లోపలి జేబు నుంచి అమెరికా రాజ్యాంగం ప్రతిని తీసి చూపిస్తూ, దీన్ని ఎప్పుడైనా చదివారా అని రిపబ్లికన్ అభ్యర్థి డొనాల్డ్ ట్రంప్‌ను నిలదీశాడు. ఈ దేశం కోసం మీరు త్యాగం చేసింది ఏమీ లేదన్నాడు. ఆ సదస్సులో ఎందరో మహామహులు ప్రసంగించారు. మరునాటికి జనానికి గుర్తున్న ప్రసంగాల్లో ముందు నిలిచింది మాత్రం అప్పటిదాకా ఎవరికీ తెలియని ఈ తండ్రిదే.

ఆ ప్రసంగం వల్ల కెప్టెన్ హుమాయూన్ ఖాన్ పేరు ప్రపంచమంతా వినబడింది. అప్పటికి అతను చనిపోయి పన్నెండేళ్లు దాటింది. ఆ పన్నెండేళ్లూ అతను ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో, ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల మృతులను ఖననం చేసే అరవయ్యో విభాగంలో, నెలవంక గుర్తు చెక్కిన తెల్లరాతి కింద ఉన్నాడు. ఎన్నికల వేళ ఒక పార్టీకి ఆ సమాధి గుర్తొచ్చింది. మరో పార్టీ అభ్యర్థికి అది అడ్డొచ్చింది. ఇంతకీ ఆ సైనికుడు ఎవరు, ఎలా చనిపోయాడు, అతని మరణాన్ని ఎవరు ఏ పనికి వాడుకున్నారు అన్నవి అమెరికాకు మాత్రమే పరిమితమైన ప్రశ్నలు కావు. పౌరుల దేశభక్తికి రుజువులు అడిగే అలవాటున్న ప్రతి దేశానికీ అవి వర్తిస్తాయి. భారతదేశం అందుకు మినహాయింపు కాదు.

వలస కుటుంబపు బిడ్డ

హుమాయూన్ 1976లో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో పుట్టాడు. తండ్రి ఖిజర్ పాకిస్తాన్ పంజాబ్‌లోని గుజ్రాన్‌వాలా ప్రాంతం వాడు. లాహోర్‌లో న్యాయశాస్త్రం చదివి, బతుకుతెరువు కోసం గల్ఫ్‌కు వెళ్లి, అక్కడి నుంచి 1980లో అమెరికా చేరాడు. తర్వాత హార్వర్డ్‌లో పై చదువు పూర్తి చేశాడు. గజాలా పర్షియన్ భాష చదువుకున్నది. ముగ్గురు కొడుకుల్లో హుమాయూన్ రెండోవాడు. రాజధాని వాషింగ్టన్‌కు ఆనుకుని ఉన్న మేరీల్యాండ్ రాష్ట్రంలోని సిల్వర్ స్ప్రింగ్‌లో పెరిగాడు. హైస్కూలులో ఉండగా వికలాంగులైన పిల్లలకు ఈత నేర్పేవాడు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చదివి 2000లో పట్టభద్రుడయ్యాడు. ఆ విశ్వవిద్యాలయాన్ని స్థాపించినవాడు అమెరికా స్వాతంత్ర్య ప్రకటన రాసిన థామస్ జెఫర్సన్. ఆ ప్రకటనను, రాజ్యాంగాన్ని తండ్రి ఇంట్లో పిల్లల చేత చదివించేవాడు.

చదువుకునే రోజుల్లోనే హుమాయూన్ రిజర్వ్ అధికారుల శిక్షణలో చేరాడు. తండ్రికి అది మొదట్లో నచ్చలేదు. వలస వచ్చిన ఏ మధ్యతరగతి తండ్రికైనా కొడుకు డాక్టరో లాయరో ఇంజనీరో కావాలని ఉంటుంది తప్ప సిపాయి కావాలని ఉండదు. హుమాయూన్ కూడా కొన్నాళ్లు సైన్యంలో పనిచేసి ఆ తర్వాత న్యాయశాస్త్రం చదవాలనుకున్నాడు. అతను సైన్యంలో చేరేనాటికి న్యూయార్క్ జంట భవనాలు నిలిచే ఉన్నాయి. యుద్ధమేదీ కనుచూపు మేరలో లేదు. 2001 సెప్టెంబర్ 11 తర్వాత పరిస్థితి తలకిందులైంది. ముస్లిం పేరున్న ప్రతివాడూ విమానాశ్రయాల్లో అనుమానితుడైన కాలంలో, హుమాయూన్ ఆ పేరును యూనిఫాం మీద కుట్టించుకుని ఒక ముస్లిం దేశంలో యుద్ధానికి వెళ్లాల్సి వచ్చింది.

బఖూబా గేటు దగ్గర

2004 తొలి నెలల్లో అతని దళం ఇరాక్ చేరింది. మొదటి ఇన్‌ఫెంట్రీ డివిజన్‌కు చెందిన 201వ ఫార్వర్డ్ సపోర్ట్ బెటాలియన్ అది. బాగ్దాద్‌కు ఈశాన్యాన దియాలా రాష్ట్రంలో బఖూబా పట్టణం ఉంది. అక్కడి అమెరికా స్థావరం పేరు క్యాంప్ వార్‌హార్స్. దాని గేటు భద్రత హుమాయూన్ బాధ్యతల్లో ఒకటి. దురాక్రమణ సైన్యపు స్థావరాలకు గేటే అత్యంత ప్రమాదకరమైన చోటు. ఉదయాన్నే పనికోసం వచ్చే కూలీలు, ఫిర్యాదులతో వచ్చే గ్రామస్తులు, సరుకులు తెచ్చే డ్రైవర్లు, వారి మధ్యనే బాంబులతో వచ్చేవాళ్లు. ఎవరు ఎవరో తేల్చుకోవడానికి కాపలా సైనికుడికి ఉండే సమయం కొన్ని సెకన్లు మాత్రమే. హెచ్చరిక అర్థం కాక కారు ఆపడం ఆలస్యమైన నేరానికి ఇరాక్ తనిఖీ కేంద్రాల వద్ద కుటుంబాలకు కుటుంబాలే కాల్పులకు బలైన రోజులవి.

హుమాయూన్‌ను ఎరిగిన అధికారులు తర్వాత చెప్పిన దాన్నిబట్టి, ఈ విషయం అతన్ని బాగా కలవరపెట్టింది. స్థానిక ఇరాకీలకు స్థావరంలో పనులు కల్పించే కార్యక్రమం నడపడంలో అతను ముఖ్యపాత్ర వహించాడు. రోజూ వచ్చే ముఖాలు సైనికులకు తెలిస్తే తొందరపాటు కాల్పులు తగ్గుతాయి, ఊరిలో శత్రుత్వమూ తగ్గుతుందన్నది ఆలోచన. ఆక్రమణ యుద్ధంలో ఇలాంటి ప్రయత్నాల పరిధి ఎంతో చిన్నది. అయినా, తుపాకీ చేతిలో ఉన్నవాడు ఎదుటివాడిని మనిషిగా చూడాలని తాపత్రయపడటం చిన్న విషయం కాదు.

2004 మే నెలలో మాతృ దినోత్సవం నాడు తల్లి అతనితో ఫోన్‌లో మాట్లాడింది. జాగ్రత్తగా ఉండమనీ, వీరుడిననిపించుకోవాలని ముందుకు ఉరకవద్దనీ వేడుకుంది. ఏ భాషలోనైనా తల్లులు చెప్పే మాటే అది. తన కింద ఉన్న సైనికుల బాధ్యత తనదేనని అతను జవాబిచ్చాడు. తల్లి ఆ కొడుకు గొంతు వినడం అదే ఆఖరు.

జూన్ 8న ఒక టాక్సీ గేటు వైపు దూసుకొచ్చింది. హుమాయూన్ తన సైనికులను నేలమీద పడుకోమని ఆదేశించాడు. తాను మాత్రం చెయ్యి ముందుకు చాచి ఆపమని సైగ చేస్తూ కారు వైపు పది, పదిహేను అడుగులు వేశాడు. కారు అక్కడే పేలిపోయింది. గేటు దాటి లోపలికి వెళ్లి ఉంటే, భోజనశాలలో ఉన్న వందలాది మంది ప్రాణాలకు ముప్పు ఉండేది. హుమాయూన్ వయస్సు 27 సంవత్సరాలు. కారులోని ఆత్మాహుతి దాడిదారులతోపాటు మరో ఇద్దరు ఇరాకీ పౌరులు కూడా ఆ పేలుడులో చనిపోయారు. మరణానంతరం హుమాయూన్‌కు కాంస్య తారక, పర్పుల్ హార్ట్ పతకాలు దక్కాయి. ఆ ఇద్దరు ఇరాకీల పేర్లు ఏ సదస్సులోనూ ఏ నాయకుడూ పలకలేదు.

ఎదురుగా వస్తున్న కారును చూడగానే కాల్చమని హుమాయూన్ ఎందుకు ఆదేశించలేదన్నది సహజంగా తలెత్తే ప్రశ్న. అతని గురించి తెలిసిన వివరాలన్నీ ఒకే జవాబువైపు వేలు చూపుతాయి. కారులో ఉన్నది దారి తప్పిన అమాయకుడు కూడా అయి ఉండవచ్చు. ఆ అవకాశాన్ని కొట్టిపారేయకుండా ఉండటానికి అయ్యే ఖర్చును అతను తన సైనికులపై వేయలేదు, ఎదుటి మనిషిపై వేయలేదు. తానే భరించాడు.

యుద్ధం ఎవరిది, చావు ఎవరిది

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. హుమాయూన్ ధైర్యం నిజం. అతన్ని పంపిన యుద్ధం మాత్రం అబద్ధం మీద నిలబడింది. సద్దాం హుసేన్ వద్ద సామూహిక విధ్వంసక మారణాయుధాలు ఉన్నాయని చెప్పి, భద్రతామండలి ఆమోదం లేకుండానే, 2003 మార్చిలో బుష్ ప్రభుత్వం ఇరాక్‌పై దాడి చేసింది. అలాంటి నిల్వలేవీ లేవని అమెరికా ప్రభుత్వం స్వయంగా నియమించిన తనిఖీ బృందం 2004 అక్టోబర్‌లో తేల్చింది. అప్పటికి హుమాయూన్ చనిపోయి నాలుగు నెలలు. మొత్తం యుద్ధంలో 4,400 మందికి పైగా అమెరికా సైనికులు మరణించారు. ఇరాకీ మృతుల సంఖ్య అతి తక్కువ లెక్కల ప్రకారం చూసినా లక్ష దాటుతుంది.

ఫిలడెల్ఫియాలో ఆ తండ్రిని వేదిక ఎక్కించిన పార్టీకి ఈ పాపంలో భాగం లేదా? ఆ సదస్సు తన అధ్యక్ష అభ్యర్థిగా నిలబెట్టిన హిల్లరీ క్లింటన్, 2002 అక్టోబర్‌లో ఇరాక్ యుద్ధానికి అధికారమిచ్చే తీర్మానానికి సెనేటర్‌గా అనుకూలంగా ఓటు వేసింది. తర్వాత అది పొరపాటని ఒప్పుకుంది. అయినా ఆ వేదికపై హుమాయూన్ ఎందుకు చనిపోయాడన్న ప్రశ్నకు చోటు దక్కలేదు. ఎలా చనిపోయాడన్నదే వినబడింది. త్యాగాన్ని కీర్తించేటప్పుడు దానికి కారణమైన విధానాన్ని మరుగుపరచడం పాలక పార్టీలన్నిటికీ బాగా తెలిసిన విద్య. వీరుడి చుట్టూ ఎంత వెలుగు పోస్తే, అతన్ని చావుకు పంపినవారు అంత నీడలో ఉంటారు.

దీనికి ఖిజర్ ఖాన్‌ను తప్పు పట్టలేం. ఆయన వేదిక ఎక్కడానికి ఒక నేపథ్యం ఉంది. 2015 డిసెంబర్‌లో ట్రంప్, ముస్లింలు అమెరికాలోకి రాకుండా సంపూర్ణ నిషేధం విధించాలని ప్రకటించాడు. అలాంటి నిషేధమే గనక ముందే ఉండి ఉంటే తన కొడుకు ఈ దేశంలో అడుగుపెట్టేవాడే కాదన్నది ఆ తండ్రి వాదం. దానికి ట్రంప్ ఇచ్చిన జవాబు మర్యాద హద్దులు దాటింది. తానూ చాలా త్యాగాలు చేశానని, కష్టపడి పనిచేశానని, వేలాది ఉద్యోగాలు కల్పించానని, గొప్ప కట్టడాలు కట్టానని టీవీ ఇంటర్వ్యూలో చెప్పుకున్నాడు. వ్యాపారం చేసి లాభం గడించడాన్ని, కొడుకును మట్టిలో పెట్టడాన్ని ఒకే తక్కెడలో తూచాడు. అంతటితో ఆగక, పక్కన నిలబడ్డ తల్లికి బహుశా మాట్లాడే అనుమతి లేదేమోనని ఎత్తిపొడిచాడు. ముస్లిం స్త్రీ మౌనంగా ఉంటే దానికి మతమే కారణమై తీరాలన్న దురభిప్రాయం అందులో ఉంది. గజాలా వాషింగ్టన్ పోస్ట్ పత్రికలో వ్యాసం రాసి జవాబిచ్చింది. వెనుక తెరపై కొడుకు బొమ్మ కనబడుతుండగా తనకు మాట పెగల్లేదన్నది ఆమె చెప్పిన సారాంశం. పన్నెండేళ్లు గడిచినా కొడుకు ఫొటోలున్న గదిలోకి వెళ్లడం తనకు కష్టమేనని రాసింది.

రుజువు చూపినా చాలదు

ఆ ప్రసంగం దేశాన్ని కదిలించిందన్నారు. నవంబర్‌లో ట్రంప్ గెలిచాడు. 2017 జనవరి 27న, ఇరాక్‌తో సహా ముస్లింలు మెజారిటీగా ఉన్న ఏడు దేశాల పౌరుల రాకను ఆపుతూ ఉత్తర్వు జారీ చేశాడు. ఆ ఉత్తర్వు కింద న్యూయార్క్ విమానాశ్రయంలో మొట్టమొదట నిర్బంధానికి గురైనవారిలో ఒక ఇరాకీ దుబాసీ ఉన్నాడు. అతను సుమారు పదేళ్లపాటు అమెరికా సైన్యానికి, అమెరికా సంస్థలకు సేవ చేసినవాడు. ఆ కారణంగా స్వదేశంలో ప్రాణభయం ఏర్పడి, అమెరికా ఇచ్చిన ప్రత్యేక వీసాతోనే వచ్చినవాడు. యుద్ధంలో పక్కన నిలబడినందుకు దక్కిన బహుమతి బేడీలు. ఉత్తర్వును రెండుసార్లు మార్చి రాశాక, 2018 జూన్‌లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో దాన్ని సమర్థించింది.

ఆ మొదటి ఉత్తర్వు వెలువడి నెల తిరగకముందే, 2017 ఫిబ్రవరి 22న, కాన్సాస్ రాష్ట్రం ఒలేథ్‌లోని ఒక బార్‌లో హైదరాబాద్‌కు చెందిన ఇంజనీర్ కూచిభొట్ల శ్రీనివాస్ హత్యకు గురయ్యాడు. నా దేశం నుంచి పొమ్మని అరుస్తూ కాల్చినవాడు అమెరికా నౌకాదళ మాజీ సైనికుడు. ఎదుటివాళ్లు ఇరానీయులని అనుకున్నాడు. శ్రీనివాస్‌తో ఉన్న మరో తెలుగు యువకుడు గాయాలతో బయటపడ్డాడు. హంతకుడిని అడ్డుకోబోయి తూటా దెబ్బ తిన్న మూడో వ్యక్తి ఒక సాధారణ అమెరికన్, సైనికుడు కాదు. అమెరికాలో పిల్లలున్న తెలుగు ఇళ్లన్నీ ఆ వారం వణికిపోయాయి. తాము హిందువులమని, ముస్లింలం కాదని చెప్పుకుంటే సరిపోతుందని కొందరు తలపోశారు. తుపాకీ పట్టినవాడు పాస్‌పోర్టు అడగడు. మెడలోని దండను, చేతిలోని జపమాలను వేరు చేసి చూడడు. యూనిఫాం వేసుకున్నంత మాత్రాన దేశభక్తుడు కాడని, వేసుకోనంత మాత్రాన పరాయివాడు కాడని ఒలేథ్ ఘటన రెండువైపులా నిరూపించింది.

హుమాయూన్ కథను అభిమానంతో చెప్పేవారు కూడా తరచుగా ఒక ఉచ్చులో పడతారు. ముస్లింలు, వలస వచ్చినవారు దేశం కోసం ప్రాణాలిచ్చారు కాబట్టి వారిని గౌరవించాలంటారు. ఆ వాక్యంలోని 'కాబట్టి' ప్రమాదకరమైనది. ప్రాణమివ్వని వారి మాటేమిటన్న ప్రశ్నకు అందులో సమాధానం లేదు. టాక్సీ నడుపుకునేవాడు, కిరాణా కొట్టు పెట్టుకున్నవాడు, ఏ యుద్ధానికీ వెళ్లకుండా పిల్లల్ని చదివించుకుంటూ ముసలివాడైపోయేవాడు ఏ పతకం చూపించి గౌరవం అడుక్కోవాలి? తెల్లజాతి క్రైస్తవ కుటుంబాన్ని ఎవరూ మీ ఇంట్లో ఎవరు చనిపోయారని అడగరు. పుట్టుకతో కొందరికి దక్కేది, మరికొందరికి చావుతో మాత్రమే దక్కితే దానికి పౌరసత్వమన్న పేరు తగదు.

అమెరికా చరిత్రలోనే ఇందుకు కఠోరమైన ఉదాహరణ ఉంది. పంజాబ్ నుంచి వలస వెళ్లిన భగత్ సింగ్ థిండ్ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యంలో చేరాడు. అతను శ్వేతజాతీయుడు కాదు కనుక పౌరసత్వానికి అనర్హుడని 1923లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పును ఆసరా చేసుకుని, అప్పటికే పౌరసత్వం పొందిన భారతీయుల నుంచి కూడా దాన్ని వెనక్కి లాక్కున్నారు. అలా లాగేసుకున్నవారిలో శాన్‌ఫ్రాన్సిస్కో వ్యాపారి వైష్ణో దాస్ బగాయ్ ఒకడు. ఏ దేశమూ లేనివాడిగా మిగిలి 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు. మొదటి యుద్ధంలో పనిచేసిన ఆసియావాసులకు పౌరసత్వం ఇచ్చే చట్టం 1935లో వచ్చాక, థిండ్‌కు 1936లో అది దక్కింది. అంటే సైనికుడికి మినహాయింపు లభించింది, వ్యాపారి చచ్చిపోయాడు. మిగిలిన భారతీయులు 1946 దాకా ఎదురుచూశారు. మినహాయింపు హక్కు కాదనడానికి ఇంతకంటే రుజువు అక్కరలేదు.

ఇరాక్ యుద్ధంలో మొట్టమొదట నేలకొరిగిన అమెరికా సైనికుల్లో హోసె ఆంటోనియో గుతియెర్రెజ్ ఒకడు. గ్వాటెమాలాలో అనాథగా వీధుల్లో పెరిగి, సరుకు రవాణా రైళ్లెక్కి మెక్సికో మీదుగా అనుమతి పత్రాలు లేకుండా అమెరికా చేరినవాడు. 2003 మార్చి 21న ఉమ్ కసర్ దగ్గర చనిపోయాడు. అతన్ని చంపిన తూటా అమెరికా సైన్యానిదేనని తర్వాత తేలింది. చనిపోయాక అతనికి పౌరసత్వం ప్రకటించారు. బతికి ఉండగా ఓటు వేయలేనివాడు, శవంగా మారాక పౌరుడయ్యాడు. ఈ మరణాల తర్వాతే, 2003 చివర్లో, యుద్ధంలో చనిపోయిన వలస సైనికుల కుటుంబాలకు కొన్ని వలస హక్కులు కల్పిస్తూ అమెరికా చట్టం చేసింది. అదే అమెరికా, తన సైన్యంలో పనిచేసి తర్వాత ఏదో నేరంలో శిక్ష పడిన పౌరులు కాని మాజీ సైనికులను దేశం నుంచి వెళ్లగొడుతూ వస్తోంది. సేవ చేసిన కాలం లెక్కలోకి రాదు.

సరిహద్దుకు ఇవతల

ఇదంతా చదివి అమెరికాను చూసి పెదవి విరవడం తేలిక. భారతదేశంలో ముస్లింల దేశభక్తి మీద చర్చ రేగిన ప్రతిసారీ కొన్ని పేర్లు వల్లించడం ఆనవాయితీ. పాకిస్తాన్ సైన్యం నుంచి వచ్చిన ఆహ్వానాన్ని తోసిపుచ్చి భారత సైన్యంలోనే కొనసాగి, 1948 జులై 3న జమ్మూలోని ఝంగర్ ప్రాంతంలో నేలకొరిగిన బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్. 1965 యుద్ధంలో ఖేమ్‌కరణ్ రంగంలో శత్రు ట్యాంకులను ధ్వంసం చేస్తూ ప్రాణాలర్పించి పరమవీర చక్ర పొందిన అబ్దుల్ హమీద్. వారిని తలచుకోవడం ప్రతి భారతీయుడికీ గర్వకారణమే. కానీ వారి పేర్లను కోట్లాది మంది ఇతరుల తరఫున జామీనుగా చూపించవలసి రావడం సిగ్గుచేటు. జామీను అడిగేది నిందితుడినే. ఏ నేరమూ చేయని సమాజాన్ని ముందు బోనెక్కించి, ఆనక సాక్షులను పిలవమంటున్నారు.

సాక్ష్యం ఉన్నా ఫలితం దక్కుతుందన్న హామీ లేదు. అస్సాంకు చెందిన మహమ్మద్ సనావుల్లా సుమారు మూడు దశాబ్దాలు భారత సైన్యంలో పనిచేసి గౌరవ హోదాతో పదవీ విరమణ చేశాడు. 2019 మే నెలలో ఒక విదేశీయుల ట్రిబ్యునల్ అతన్ని విదేశీయుడని తేల్చింది. పోలీసులు గోల్పారా నిర్బంధ కేంద్రానికి తరలించారు. గౌహతి హైకోర్టు మధ్యంతర బెయిలు ఇచ్చాక జూన్‌లో బయటికి వచ్చాడు. అతనిపై నమోదైన విచారణ నివేదికలో అతను కూలీ అని రాసి ఉంది. ఆ కాలంలో అతను సైన్యంలో విధి నిర్వహణలో ఉన్నాడు. దేశవ్యాప్తంగా గగ్గోలు రేగడానికి కారణం అతను మాజీ సైనికుడు కావడం. అదే తరహా నివేదికతో నిర్బంధంలోకి వెళ్లిన నిజమైన కూలీ కోసం ఏ టీవీ చానెలూ చర్చ పెట్టలేదు. వివాదం సైనికుడికి జరిగిన అన్యాయం మీదనే నిలిచిపోయింది. కూలీ అయితే ఫర్వాలేదా అన్న ప్రశ్న ఎవరికీ తోచలేదు.

ఈ తతంగానికి పునాది 1946 నాటి విదేశీయుల చట్టంలో ఉంది. ఒక వ్యక్తి విదేశీయుడా కాదా అన్న వివాదం వస్తే, కాదని నిరూపించుకునే భారం ఆ వ్యక్తిదేనని దాని తొమ్మిదో సెక్షన్ చెప్పింది. హత్య కేసులో కూడా నేరాన్ని నిరూపించవలసింది ప్రభుత్వమే. పౌరసత్వం దగ్గరికి వచ్చేసరికి తలకిందులవుతుంది. బ్రిటిష్ పాలన చివరి దినాల్లో పరాయి పాలకులు చేసిన చట్టంలోని ఈ సూత్రాన్ని స్వతంత్ర భారతం దశాబ్దాలపాటు పదిలంగా కాపాడుకుంది. వరదల్లో పత్రాలు కొట్టుకుపోయిన బ్రహ్మపుత్ర లంకల రైతుకు ఆ భారం మోయడం ఎలా సాధ్యం?

పరాయి దేశపు సైనికుల రుణం తీర్చుకోవడంలో బ్రిటన్ ప్రవర్తన కూడా ఇందుకు భిన్నంగా లేదు. రెండు శతాబ్దాలు నేపాలీ గూర్ఖాల చేత యుద్ధాలు చేయించుకుని, 1997కు ముందు పదవీ విరమణ చేసినవారికి బ్రిటన్‌లో నివసించే హక్కు నిరాకరించింది. 2009 ఏప్రిల్‌లో పార్లమెంటులో ప్రభుత్వం ఓటింగులో ఓడిపోయాక, ప్రజల్లో వ్యతిరేకత పెల్లుబికాక, మే నెలలో గానీ దిగిరాలేదు. కృతజ్ఞత దానంతట అది రాలేదు. పోరాడి తెచ్చుకోవలసి వచ్చింది.

పుస్తకంలో ఉన్న మాట

ఖిజర్ ఖాన్ ఆ రోజు రెండు వాదాలు వినిపించాడు. ఒకటి కొడుకు త్యాగం. రెండోది చేతిలోని పుస్తకం. ప్రపంచం మొదటిదాన్ని విని కన్నీళ్లు పెట్టుకుంది. రెండోదాన్ని నాటకీయమైన సన్నివేశంగా చూసి వదిలేసింది. నిజానికి బలమైన వాదం రెండోదే. ఆ పుస్తకంలో స్వేచ్ఛ, చట్టం ముందు సమాన రక్షణ అన్న మాటలను వెతకమని ఆయన అన్నాడు. సమాన రక్షణ గురించి చెప్పే పద్నాలుగో సవరణ అంతర్యుద్ధం తర్వాత, బానిసత్వం నుంచి విముక్తులైన నల్లజాతివారి కోసం 1868లో అమల్లోకి వచ్చింది. ఆ రక్షణ ఎవరికి అన్నచోట సైనికులకని లేదు. దేశభక్తులకని లేదు. కనీసం పౌరులకని కూడా లేదు. తన అధికార పరిధిలో ఉన్న ఏ వ్యక్తికీ రాజ్యం సమాన రక్షణను నిరాకరించకూడదని ఉంది. భారత రాజ్యాంగం పద్నాలుగో అధికరణం కూడా సరిగ్గా అదే మాట వాడింది. సంఖ్య కలవడం యాదృచ్ఛికం. 'వ్యక్తి' అన్న పదాన్ని రాజ్యాంగ నిర్మాతలు తెలిసే రాశారు. పౌరులకు మాత్రమే పరిమితం చేయదలచిన పదిహేనో, పందొమ్మిదో అధికరణాల్లో వారు 'పౌరుడు' అని విడిగా రాసుకోవడమే అందుకు సాక్ష్యం.

హుమాయూన్ ఖాన్ బఖూబాలో చేసిన చివరి పని కూడా ఈ సూత్రానికి దూరమైనది కాదు. ఎదురుగా వస్తున్న కారులోని మనిషి ముందుగా తన అమాయకత్వం రుజువు చేసుకోవాలని అతను షరతు పెట్టలేదు. చెయ్యి చాచి ఆగమన్నాడు. ఆ క్షణంలో ఆ నిర్ణయానికి ప్రాణం ఖరీదు చెల్లించాల్సి వచ్చింది. సురక్షితమైన కార్యాలయాల్లో కూర్చుని జాబితాలు తయారుచేసే అధికారులకు, ఎన్నికల సభల్లో పౌరులను మనవాళ్లు, పరాయివాళ్లు అని విడదీసే నాయకులకు అదే న్యాయం పాటించడానికి అయ్యే ఖర్చు ఏమీ లేదు. అయినా పాటించరు.

అందువల్ల ఆర్లింగ్టన్‌లోని ఆ సమాధికి నివాళి అర్పించదలచినవారు ముందుగా మానుకోవలసిన పని ఒకటుంది. దాన్ని ఇతర ముస్లింల, ఇతర వలసజీవుల మంచితనానికి యోగ్యతాపత్రంగా చూపించడం మానాలి. అతను 27 ఏళ్ల యువకుడు. న్యాయశాస్త్రం చదవాలనుకున్నవాడు, తల్లికి ఫోన్ చేసినవాడు, అబద్ధపు యుద్ధంలో కూడా మనిషిలా ప్రవర్తించినవాడు. అతను సైన్యంలో చేరకుండా వకీలుగా బతికి ఉన్నా, ఆ దేశం మీద అతనికుండే హక్కు వీసమెత్తు కూడా తగ్గేది కాదు. ఆ సంగతి ఒప్పుకోలేనివారు ఎన్ని పూలదండలు వేసినా, వేసేది తమ ఓట్ల లెక్కకే.